మిసిల్ గది జవాబులు: 92 క్యాసెట్ల లెక్క

(ఉమ్మడి నల్లగొండ జిల్లా కోర్టుల్లో గుమస్తాగా చేరి శిరస్తాదారుగా రిటైరైన పెద్దాయన రాసే శీర్షిక ఇది. పాఠకుల కోరిక మేరకు ఎవరి పేర్లూ వేయడం లేదు.)

*

ప్రశ్న: సార్, మాకు పొలిటికల్ సైన్స్ సెమినార్ ఉంది. టెర్రరిస్టులని పట్టుకొని ప్రశ్నించిన వీడియోలను అమెరికా గూఢచారి సంస్థే ముక్కలు చేయించిందని మా లెక్చరర్ చెప్పారు. ఎవరికీ శిక్ష పడలేదట కదా, నిజమేనా? సాక్ష్యం నాశనం చేస్తే నేరం కాదా?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: నిజమే బిడ్డా. కాకపోతే ఆ కథ చెప్పే ముందు నా కథ ఒకటి ఒప్పుకోవాలి. సాక్ష్యం నాశనం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

1990లలో ఒక చిన్న కోర్టులో రికార్డు గది తాళాలు నా దగ్గర ఉండేవి. కాలం చెల్లిన మిసిళ్లను, అంటే కేసు కాగితాల కట్టలను, అప్పుడప్పుడు తీసేస్తుంటాం. తీసేయడమంటే అటెండర్‌ను పిలిచి పెరట్లో కాల్చెయ్యమనడం కాదు. ముందు జాబితా రాయాలి. దాన్ని రిజిస్టర్‌తో సరిచూడాలి. ఒరిజినల్ కాగితాలు కావలసినవాళ్లు వచ్చి తీసుకొమ్మని నోటీసు బోర్డు మీద పెట్టాలి. జడ్జి గారి సంతకం కావాలి. కాలేటప్పుడు ఎదురుగా ఒకరు నిలబడాలి. గుడుంబా కేసులో పట్టిన సీసా పారబోయాలన్నా ఆర్డర్ లేనిదే మూత తీయం.

ఆ ఏడు జాబితాలో ఇద్దరు అన్నదమ్ముల బాయి తగాదా మిసిల్ ఒకటి ఎక్కింది. అప్పీలు నడుస్తోందని రిజిస్టర్‌లో ఎర్రసిరాతో రాసే ఉంది. నా కంటికి ఆనలేదు. ఆ మిసిల్‌లో వాళ్ల నాయన కొన్న భూమి తాలూకు సాదా బైనామా ఒరిజినల్ ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాయితం మీద రాసుకున్న అమ్మకం పత్రం, కింద రెండు వేలిముద్రలు. కాలిపోయింది. పై కోర్టు రికార్డు పంపమన్న రోజు గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. మెమో వచ్చింది. జాబితా ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు, ఏ తారీఖున, ఏ కాగితం మీద అని జడ్జి గారు నన్ను నిలబెట్టి అడిగారు. ఒక ఇంక్రిమెంట్ ఆగింది. ఆగాల్సిందే. నాకు దానిమీద కోపం లేదు.

ఇక అమెరికా లెక్క. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002 మార్చిలో, పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో అబూ జుబైదా అనే మనిషిని పట్టుకున్నారు. అల్ ఖైదాలో పెద్ద తలకాయ అనుకున్నారు. థాయిలాండ్‌లో ఎవరికీ తెలియని ఒక జైలుకు తీసుకుపోయి సీఐఏ ప్రశ్నించింది. మనిషిని పలక మీద కట్టేసి, ముఖం మీద గుడ్డ కప్పి, ఊపిరాడకుండా నీళ్లు పోయడాన్ని వాటర్‌బోర్డింగ్ అంటారు. 2002 ఆగస్టు ఒక్క నెలలోనే అతని మీద ఆ పని 83 సార్లు చేశారు. ఈ విచారణను వాళ్లే వీడియో తీశారు. అతనివి 90 క్యాసెట్లు, అల్ నషీరీ అనే ఇంకొకాయనవి 2. కలిపి 92.

2003లో సీఐఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు పోయి ఆ క్యాసెట్లు చూశారు. 11 ఖాళీ. ఇంకో రెండింట్లో ఒకటి రెండు నిమిషాల బొమ్మ తప్ప ఏమీ లేదు. రెండు విరిగిపోయి చూడటానికే రాలేదు. మొత్తం మీద 21 గంటల భాగం దొరకలేదు, అందులో రెండుసార్లు నీళ్లు పోసిన ఘట్టాలు కూడా ఉన్నాయి. రికార్డు గదిలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ముందు ఇక్కడే అనుమానం కొట్టింది. ముక్కలు చేయడానికి రెండేళ్ల ముందే ఆ క్యాసెట్లకు ఏదో అయింది. దాని సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

2005 నవంబర్ 2న వాషింగ్టన్ పోస్ట్ పత్రిక రహస్య జైళ్ల సంగతి బయటపెట్టింది. సరిగ్గా వారానికి, నవంబర్ 9న, 92 క్యాసెట్లనూ యంత్రంలో వేసి ముక్కలు చేశారు. ఆర్డర్ ఇచ్చింది సీఐఏ రహస్య కార్యకలాపాల విభాగం అధిపతి జోస్ రోడ్రిగ్జ్. అప్పటికి ఆ ఖైదీల మీద జరిగిన దాని గురించి కాగితాలు ఇవ్వమని న్యూయార్క్ కోర్టులో సమాచార హక్కు దావా నడుస్తోంది. సంస్థలోని పెద్ద వకీలుకు పని అయిపోయాక గానీ తెలియలేదు. ప్రశ్నించిన ఉద్యోగుల ముఖాలు బయటపడితే వాళ్ల ప్రాణాలకు ముప్పు కాబట్టి చేశామని రోడ్రిగ్జ్ చెప్పిన కారణం. ముఖం మీద మసక వేయడం 2005 నాటికి మన టీవీ చానెళ్లకు కూడా వచ్చు.

లోకానికి తెలిసింది 2007 డిసెంబర్‌లో. 2008 జనవరిలో జాన్ డర్హమ్ అనే ప్రాసిక్యూటర్‌ను విచారణకు పెట్టారు. ఆయన 2010 నవంబర్ 9న, క్యాసెట్లు ముక్కలు చేసినందుకు ఎవరి మీదా కేసు పెట్టడం లేదని తేల్చారు. తారీఖు మళ్లీ చూడు. అక్కడ అలాంటి నేరానికి కేసు పెట్టే గడువు ఐదేళ్లు. ఐదేళ్లు నిండింది ఆ రోజే. గడువు దాటిన అర్జీలను కౌంటర్ దగ్గరే తిప్పి పంపినవాణ్ణి నేను, ఆ తారీఖు చూసి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. 2011లో ఆ న్యూయార్క్ కోర్టు జడ్జి హెలర్‌స్టీన్ కూడా కోర్టు ధిక్కారం కింద శిక్ష వేయనన్నారు, అవతలి పక్షం వకీళ్ల ఖర్చులు మాత్రం కట్టమన్నారు. రోడ్రిగ్జ్ సంతకం పెట్టి పంపిన ఆ ఆర్డర్‌ను చిత్తు రాసిపెట్టిన అధికారిణి జీనా హాస్పెల్. 2018లో ఆమె సీఐఏకే డైరెక్టర్ అయ్యారు.

ఎర్రసిరా చూడని గుమస్తాకు ఇంక్రిమెంట్ ఆగింది. సెమినార్‌లో ఈ మాట నా పేరు చెప్పకుండా వాడుకో.

నేరం కాదా అన్నావు. మన దగ్గరైతే భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ నేరం తాలూకు సాక్ష్యం మాయం చేయడానికి, 241వ సెక్షన్ కోర్టు ముందుకు రాకూడదని కాగితాన్నో ఎలక్ట్రానిక్ రికార్డునో నాశనం చేయడానికి. సాక్ష్య చట్టంలో ఇంకో చిన్న ముక్క ఉంది, వకీళ్లు ఇప్పటికీ పాత నంబర్‌తోనే 114 జీ అంటారు. తెచ్చి చూపించగలిగిన సాక్ష్యాన్ని ఒకరు చూపించకపోతే, అది వాళ్లకు వ్యతిరేకంగా ఉండేదని జడ్జి అనుకోవచ్చు. కొత్త చట్టంలో 119. నన్నడిగితే మొత్తం చట్టంలో మన ఊరి ముసలమ్మలకు కూడా వెంటనే అర్థమయ్యే సెక్షన్ అదొక్కటే.

*

ప్రశ్న: మీరు పోయిన నెల కూడా ఖైదీల హక్కుల గురించే రాశారు. బాంబులు పెట్టేవాళ్ల మీద అంత జాలి ఎందుకు? వాళ్లను కొట్టి నిజం చెప్పిస్తే తప్పేంది? వీడియో ఉంటే ఏంది, పోతే ఏంది?
– కిరాణా వ్యాపారి, మిర్యాలగూడ

జవాబు: సేట్, జాలి సంగతి పక్కన పెట్టు. పద్దు సంగతి మాట్లాడుకుందాం, అది నీకు నాకంటే బాగా తెలుసు.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలి 9 మంది పోయారు, ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5 మంది. పాతబస్తీ పిల్లలను చాలామందిని పట్టుకుపోయారు. కొట్టారని, కరెంటు పెట్టారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున ఒక వకీలు విచారించి నివేదిక కూడా ఇచ్చారు. కోర్టుల్లో వాళ్ల మీద కేసులు నిలబడలేదు. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది, 2013లో హైకోర్టు అది చెల్లదంది. దర్యాప్తు సీబీఐకి, తర్వాత టెర్రరిజం కేసులు చూసే కేంద్ర సంస్థ ఎన్ఐఏకి పోయింది. అక్కడ తేలిన ముద్దాయిలు పూర్తిగా వేరే మనుషులు. 2018 ఏప్రిల్ 16న వాళ్లలో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు వదిలేసింది. అంటే 9 మంది చచ్చిన కేసులో ఒక్కడికీ శిక్ష లేదు. కొట్టి రాబట్టిన 'నిజం' ఏమైందంటావు?

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ చూడు. మన నల్లగొండ బస్సులు ఆగే చోటే. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రెండు పేలుళ్లు, 18 మంది చనిపోయారు. ఐదుగురికి 2016 డిసెంబర్‌లో ఎన్ఐఏ కోర్టు ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఉరి సరైనదా కాదా అన్నది వేరే వాదన, దానిమీద నాకూ మా ఆవిడకూ పడదు. ఆ కేసు పై కోర్టు దాకా నిలబడింది ముద్దాయి ఠాణాలో ఏం ఒప్పుకున్నాడన్న దానిమీద కాదు. పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. ఇంగ్లీషోళ్ల కాలం నుంచీ అంతే. టాడా, పోటా అనే టెర్రరిజం చట్టాల్లో పెద్ద పోలీసు అధికారి ముందు ఒప్పుకుంటే చెల్లుతుందని రాశారు. ఆ రెండు చట్టాలూ పోయాయి. ఇప్పుడున్న టెర్రరిజం చట్టం ఉపా కింద ఛార్జిషీట్ లేకుండా 180 రోజులు లోపల పెట్టొచ్చు గానీ, పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు మాత్రం అందులోనూ చెల్లదు.

ఇంకొకటి. వీడియో ముద్దాయి కోసమే అనుకుంటావు. మంచి పోలీసుకు అంతకన్నా రక్షణ లేదు. 'నన్ను కొట్టి సంతకం పెట్టించారు' అని ముద్దాయి అన్నప్పుడు, 'లేదు సార్, చూడండి' అనడానికి వాళ్ల దగ్గర ఏముంది? బోనులో నిలబడి చెమటలు కక్కిన ఎస్సైలను ఎందరిని చూశానో.

*

ప్రశ్న: 2015ల మా ఆలేరు కాడ జరిగిన ఎన్‌కౌంటర్ గురించి ఎవ్వరూ మాట్లాడరేంది సార్? అది ఇప్పుడు ఏ కోర్టుల ఉన్నది?
– ఆటో డ్రైవర్, ఆలేరు

జవాబు: తమ్మీ, అప్పటికి ఆలేరు మన జిల్లాలోనే ఉండె. ఆ వారం మొత్తం నాకు గుర్తుంది. ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండ్‌లో పోలీసుల మీద కాల్పులు, తర్వాత జానకీపురం దగ్గర ఎదురుకాల్పులు. పోలీసులూ పోయారు. ఆ దుఃఖం చిన్నది కాదు. ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు పేషీకి తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు, టెర్రరిజం కేసుల ముద్దాయిలు, దారిలో మీ దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తుపాకులు గుంజుకోబోయారని పోలీసులు చెప్పారు. చేతులకు బేడీలతో సీట్లలో ఉన్న శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది.

నేను చెప్పగలిగింది కోర్టు లోపలి సంగతి. ముద్దాయి చనిపోతే అతని మీద ఉన్న కేసు అక్కడితో మూసుకుంటుంది. డైరీలో ఒక్క వాక్యం రాస్తాం. ఆ వాక్యంతో అతను చేశాడన్నదీ పోతుంది, అతనికి చేశారన్నదీ పోతుంది. బాంబు ఎక్కడిది, డబ్బు ఎవరిచ్చారు, ఠాణాలో ఏం జరిగింది అని జడ్జి ముందు అడగాల్సిన ప్రశ్నలన్నీ కట్టగట్టి పైన దారం వేసి అల్మరాలో పెడతాం. క్యాసెట్లు ముక్కలు చేస్తేనే సాక్ష్యం పోతుందా? మాట్లాడే నోరు కూడా సాక్ష్యమే కదా.

షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి సంగతి కూడా చాలామంది అడిగారు. అది దిశ అత్యాచారం, హత్య కేసు, టెర్రరిజం కేసు కాదు. కానీ 2019 డిసెంబర్ 6న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆ నలుగురు ముద్దాయిల విషయంలో సుప్రీంకోర్టు సిర్పూర్కర్ కమిషన్ వేసింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని కమిషన్ రాసింది. మన దగ్గర అడిగేవాళ్లు గట్టిగా అడిగితే కాగితం మీద ఆ మాత్రమైనా వస్తుంది అనడానికి చెప్తున్నా.

*

ప్రశ్న: ఫోన్ ట్యాపింగ్ కేసుల హార్డ్ డిస్కులు మూసీల పడేసిండ్రంట. మా కాడ ప్రాజెక్టుకు కొట్టుకొస్తయా?
– రైతు, కేతేపల్లి

జవాబు: గేట్ల కాడ వల వేసి కూర్చోకు పెద్దాయనా! 2023 డిసెంబర్ 4న, అంటే ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు, రాష్ట్ర నిఘా విభాగం ఆఫీసులో డిస్కులు నరికించి మూసీలో వేయించారన్నది ఆరోపణ. నాగోలు దగ్గర నీళ్లలోంచి కొన్ని ముక్కలు తీశారని వార్తలొచ్చాయి. కేసు కోర్టులో ఉంది, అంతకుమించి నేను అనకూడదు. ఆ విభాగం పుట్టింది మావోయిస్టుల మీద నిఘాకని మాత్రం గుర్తుపెట్టుకో. దేశ భద్రత పేరుతో పెట్టిన అల్మరా తాళం ఒక్కోసారి వేరే పనులకు కూడా పనికొస్తుంది. హైదరాబాద్ మురికంతా మనకే వస్తోంది గాబట్టి నీ అనుమానం తప్పని కూడా అనలేను.

*

ప్రశ్న: అయ్యా, నా కొడుకును ఎవరో అడిగేది ఉందని రాత్రి ఠాణాకు తీసుకుపోయి రెండు రోజులకు పంపిండ్రు. ఒళ్లంతా వాతలు. కేసు లేదు, కాయితం లేదు. ఠాణాల కెమెరాలు ఉంటయి గద, అండ్ల ఉన్నది మాకు ఇస్తరా?
– ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: అమ్మా, ఇందులో రోజులు లెక్క. ఈ జవాబు నీ చేతికి వచ్చేదాకా ఆగొద్దని ఉత్తరం అందిన రోజే నీకు ఫోన్ చేయించాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా.

మొదట సర్కారు దవాఖానా. వాతలు మానకముందే చూపించి, ఎట్లా తగిలాయో డాక్టర్‌కు చెప్పి, రాయించుకోవాలి. సిగ్గుపడి ఇంట్లో పసుపు పెట్టుకుంటే సాక్ష్యం మీ చేతులతోనే మాని పోతుంది.

రెండోది కెమెరా. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రతి ఠాణాలో గేటు, వరండా, లాకప్, ఎస్సై గది అన్నిచోట్లా కెమెరాలు ఉండాలి, మాట కూడా వినబడాలి, రికార్డు 18 నెలలు ఉండాలి, అంత సామర్థ్యం లేకుంటే ఏడాదికి మాత్రం తగ్గకూడదు. ఎన్ఐఏ, సీబీఐ, ఈడీ ఆఫీసులకు కూడా అదే మాట. తీర్పు ఒకటి, గోడ మీద కెమెరా ఒకటి. కొన్నిచోట్ల కెమెరా ఉంటుంది, వైరు ఉండదు. అయినా సరే మనం అడగాలి. రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి అర్జీ పెట్టు: ఫలానా తారీఖు రాత్రి ఇన్నింటి నుంచి ఫలానా తారీఖు ఇన్నింటి దాకా, ఫలానా ఠాణా రికార్డును తుడిచెయ్యకుండా భద్రం చేయండి అని. ముందు 'ఇవ్వండి' అనకు, 'భద్రం చేయండి' అను. ఇవ్వమంటే తర్వాత చూద్దామంటారు, ఆలోపు దానిమీద కొత్తది ఎక్కుతుంది. భద్రం చేయమన్న కాగితం అందాక పోయిందంటే, ఎవరి చేతిలో పోయిందో చెప్పాల్సిన బరువు వాళ్ల మీద పడుతుంది. పోస్టాఫీసు రసీదు, అందినట్టు వచ్చే కార్డు రెండూ బియ్యం డబ్బాలో కాదు, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టు.

మూడోది సమాచార హక్కు. మనిషి ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి. ఎన్ఐఏ, ఇంటెలిజెన్స్ బ్యూరో లాంటివి ఆ చట్టం కిందికి రావని చెప్పి పంపుతారు. సగమే నిజం. మానవ హక్కుల ఉల్లంఘన, అవినీతి ఆరోపణల సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదని 24వ సెక్షన్‌లోనే ఉంది. హక్కుల సంగతైతే కేంద్ర సమాచార కమిషన్ ఒప్పుకోవాలి, 45 రోజులు.

పిల్లవాణ్ణి మళ్లీ పిలిస్తే ఒంటరిగా పంపొద్దు. పట్టుకుపోతే 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, అరెస్టు కాగితం మీద ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలును ఉచితంగా పెడతారు, నాగర్‌కర్నూల్ పోయి అడుగు.

*

ప్రశ్న: అమెరికా వీడియోలు పోయినా, ఆ విచారణ మీద రోజూ రాసిన రిపోర్టులు ఉన్నాయి కదా. సెనేట్ కమిటీ వాటితోనే పెద్ద నివేదిక రాసింది. రాత ఉండగా బొమ్మ పోతే నష్టమేమిటి?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, వనపర్తి

జవాబు: మాస్టారూ, మంచి ప్రశ్న. క్యాసెట్లు ముక్కలు చేసిన సంగతి బయటపడ్డాకే సెనేట్ కమిటీ కదిలింది. 60 లక్షలకు పైగా పేజీలు తిరగేసింది. నివేదిక 6,700 పేజీలు దాటింది, అందులో 500 పైచిలుకు పేజీల సారాంశం 2014 డిసెంబర్ 9న బయటికొచ్చింది. నీళ్లు పోయడం ఎన్నిసార్లో, మనిషి ఏ స్థితికి వచ్చాడో మీరన్న ఆ రోజువారీ రిపోర్టుల నుంచే తెలిసింది. కాబట్టి రాత పనికిరాదని నేననను. కానీ ఆ రాతలు రాసింది ఎవరు? నీళ్లు పోసినవాళ్లు, వాళ్ల పక్కన నిలబడ్డవాళ్లు. అబూ జుబైదా మీద ఈనాటికీ ఏ కోర్టులోనూ నేరం మోపలేదు. అతను చెప్పేదానికి, వాళ్లు రాసినదానికి మధ్య మూడో సాక్షి ఆ క్యాసెట్లే.

నా సాదా బైనామా సంగతికే వస్తా. ఆ అన్నదమ్ముల్లో అన్న ముసలాయన. ఆయన వకీలు దగ్గర దాని జిరాక్స్ ఉండింది. ఒరిజినల్ కోర్టు చేతిలోనే పోయింది కాబట్టి జిరాక్స్‌ను ఒప్పుకున్నారు. అక్షరం పోలేదు, సరిహద్దులు పోలేదు, పైకం ఎంతో ఉంది, సాక్షుల పేర్లున్నాయి. అవతలి తమ్ముడు, ఆ వేలిముద్ర మా నాయనది కాదన్నాడు. వేలిముద్రల నిపుణుడికి పంపారు. జిరాక్స్‌లో ఆ ముద్ర ఉన్నచోట నల్లటి మచ్చ ఉంది, గీతలు లేవు. పోల్చడానికి వీలుకాదని రాసి తిప్పి పంపాడు. కాగితంలో ఉన్నదంతా మిగిలింది, తగాదా ఉన్న చోటు ఒక్కటి పోయింది.

కేసు రాజీ అయింది. బాయి ఇద్దరికీ, మోటారు తమ్ముడికి. ముసలాయన తర్వాత కూడా కోర్టుకు వచ్చేవాడు, వేరే పని ఏదో ఉందని. నా టేబుల్ దగ్గర నిలబడి, ఏమీ అనకుండా, బొటనవేలు చూసుకునేవాడు.